కరెంటు రాని రాత్రులకు ఇల్లూ పిల్లలూ

ఉత్తరాంధ్ర తల్లిదండ్రులకు అక్టోబరు నెల సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతం మీద విరుచుకుపడి ఉద్దానం కొబ్బరితోటల్నీ జీడితోటల్నీ నేలకూల్చింది. రెండుసార్లూ గాలి ఒక్క రోజులో వెళ్లిపోయింది, కరెంటు మాత్రం అంత తొందరగా రాలేదు. స్తంభాలు వేల సంఖ్యలో పడిపోతే నిలబెట్టడానికి మనుషులు కావాలి, దారులు కావాలి, సామాను కావాలి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు ముంచెత్తినప్పుడు ఈదురుగాలి లేదు. అయినా సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో, చీకట్లో ఉండిపోయాయి.

హుద్‌హుద్ ఏట పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వచ్చారు. పట్నాల్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి కరెంటు పోవడమంటే ఇన్వర్టరు కీచుమనడం, అంతే. వాళ్ల అమ్మానాన్నల చిన్నతనంలో కోతలు ఎక్కువే అయినా పెరట్లో బావి ఉండేది, వంటింట్లో రోలు ఉండేది, అటక మీద లాంతరు ఉండేది. ఇప్పుడు తాగే నీళ్లు, వంట, డబ్బు, ఊళ్లో ఉన్న అమ్మమ్మతో మాట, అన్నీ ఒక్క తీగకు ముడిపడ్డాయి. ఆ తీగ తెగిన మొదటి రాత్రి పెద్దవాళ్లే కంగారుపడతారు. పిల్లలు చీకటికంటే ముందు మన మొహాల్ని చూసి భయపడతారు.

అందుకని నేను చెప్పదలచుకున్న అసలు మాట ముందే చెప్పేస్తాను. తుపాను హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా, వాతావరణం ప్రశాంతంగా ఉన్న ఒక శనివారం సాయంత్రం మెయిన్ స్విచ్ మీరే కట్టేయండి. ఇన్వర్టరు కూడా ఆపేయండి. ఆదివారం ఉదయం దాకా అలాగే గడపండి. పిల్లలకు ఒక రోజు ముందే చెప్పండి, వాళ్లకు తెలియకుండా చేస్తే అది సిద్ధపడటం కాదు, భయపెట్టడం అవుతుంది. ఇంట్లో ఎవరికైనా కరెంటుతో నడిచే వైద్య పరికరం అవసరమైతే ఆ ఒక్క ఏర్పాటునూ అలాగే ఉంచండి. మీ పెద్ద పాప చేతికో బాబు చేతికో ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆ రాత్రి ఎవరు దేని కోసం వెతుక్కున్నారో రాయమనండి. టార్చిలో సెల్లు లేవు. స్టవ్ లైటరు పాడైంది, అగ్గిపెట్టె కనిపించలేదు. తాతయ్య అర్ధరాత్రి బాత్రూముకు వెళ్లాలంటే గడప తట్టుకుంది. చిన్నవాడు ఫోన్లో బొమ్మలు చూపిస్తే తప్ప ముద్ద మింగలేదు. నాన్న ఫోను నంబరు అమ్మకు కూడా నోటికి రాదు. మీ ఇంటి నుంచి పుట్టిన ఈ జాబితా నేను రాసివ్వగల ఏ జాబితాకంటే విలువైనది. పైగా అది పిల్లల చేతిరాతలో ఉంటుంది కాబట్టి దాన్ని నిజం చేయాలన్న పట్టుదల వాళ్లకే ఉంటుంది.

ఇక నీళ్లు. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కరెంటు పోయిందనగానే అందరి ఆలోచనా వెలుతురు మీదికి, ఫ్యాను మీదికి పోతుంది. కానీ మూడో రోజుకు ఇంటిని నిజంగా కుంగదీసేది నీళ్లే. బోరు మోటారు ఆగిపోతుంది, మీద ట్యాంకు ఖాళీ అవుతుంది. మునిసిపాలిటీ నీళ్లు కూడా పంపుల మీదే ఆధారం. అపార్టుమెంట్లో నాలుగో అంతస్తులో ఉన్నవాళ్లు లిఫ్టు లేకుండా బకెట్లు మోయాల్సి వస్తుంది. ఒక మనిషికి తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రానికి కలిపి రోజుకు 15 లీటర్లు కనీసం అనుకోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 180 లీటర్లు. వాతావరణశాఖ హెచ్చరిక వచ్చిన పూటే ట్యాంకు నింపి, ఆపైన డ్రమ్ములు, బకెట్లు, బిందెలు, పెద్ద గిన్నెలు, ఏవుంటే అవి పట్టేయండి. నీళ్లు పట్టే పని పిల్లలకు ఇవ్వండి, వాళ్లకు అంతకంటే ఇష్టమైన పని ఉండదు. వాడకపు నీళ్లు ఒకచోట, తాగే నీళ్లు ఇంకోచోట. అన్నిటికీ మూతలు తప్పనిసరి. డెంగీని మోసే దోమ మురుగులో కాదు, ఇలా నిలవ ఉంచిన మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. రెండేళ్లలోపు పిల్లలు పాకే ఇంట్లో నేల మీద మూతలేని బకెట్టు ఒక్క క్షణం కూడా ఉండకూడదు, కొద్దిపాటి నీళ్లలోనే ప్రాణం పోతుంది.

చాలామందికి అప్పటిదాకా తట్టని సంగతి ఒకటి ఉంది. ఇంట్లో గోడకున్న ఆర్వో యంత్రం కరెంటు లేకపోతే పనిచేయదు. దానిలో ఉన్న నాలుగు లీటర్లు అయిపోతే అంతే. రెండు 20 లీటర్ల క్యాన్లు అదనంగా తెచ్చిపెట్టుకోండి, లేదా కరెంటు అక్కర్లేని స్టీలు ఫిల్టరు ఒకటి ఉంచుకోండి. వరద తగిలిన ఊళ్లో బోరు నీళ్లనైనా, ట్యాంకరు నీళ్లనైనా బాగా తెర్లేలా మరిగించి, చల్లార్చి మాత్రమే పిల్లలకు పట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ పది ఇంట్లో పెట్టుకోవడం చవకైన పని. ప్యాకెట్టు మీద ఎంత నీళ్లని రాసి ఉందో అంతే కలపాలి, పెద్ద ప్యాకెట్టుకు లీటరు. ప్యాకెట్టు లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు తలగొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

వంట గురించి అంతగా బెంగపడక్కర్లేదు. మన వంటిల్లు నిలవ ఉండే తిండికి పెట్టింది పేరు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశెనగలు, జంతికలు, సున్నుండలు ఉన్న ఇంట్లో పిల్లలు పస్తుండరు. ఇండక్షన్ పొయ్యి మీదే వండుకునేవాళ్లు మాత్రం ఒక గ్యాసు స్టవ్వు, నిండు సిలిండరు ఏర్పాటు చేసుకోవాలి. ఇడ్లీ పిండి, దోసె పిండి, పాలు, వండిన కూరలు మొదటి పూటే వాడేయండి. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది, నిండుగా ఉన్న ఫ్రీజరైతే రెండు రోజుల దాకా, సగం నిండినదైతే ఒక రోజు. కాబట్టి తుపాను ముందురోజు ఫ్రీజరులో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి. అవే తర్వాత చల్లదనాన్నీ ఇస్తాయి, కరిగాక తాగడానికీ పనికొస్తాయి. బయట ఉంచగలిగే అట్టపెట్టె పాలు నాలుగైదు కొనుక్కోండి. ఒకసారి తెరిస్తే మాత్రం ఆ పూటే అయిపోవాలి. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ రోజుల్లో అంతకు మించిన రక్షణ లేదు, అలసిపోయిన ఆ తల్లికి మంచినీళ్లు, వేడన్నం అందించడం మిగతా ఇంటివాళ్ల బాధ్యత. డబ్బాపాలు తాగే బిడ్డకైతే ఏ పూటకాపూట కలపండి. కలిపి రెండు గంటలు దాటిన పాలు పారబోయండి, ఎంత మనసొప్పకపోయినా సరే.

మందుల విషయంలో ఆలస్యం పనికిరాదు. ఇన్సులిన్ వాడే బిడ్డ ఉన్న ఇంట్లో మీ డాక్టరును ఇప్పుడే అడగండి: ఫ్రిజ్ లేకుండా మేం వాడే రకాన్ని ఎన్నాళ్లు ఉంచవచ్చు? వాడుకలో ఉన్న సీసాను, పెన్నును చాలా రకాల్లో నాలుగు వారాల దాకా ఎండా వేడీ తగలని గదిలో ఉంచవచ్చు, 30 డిగ్రీలు దాటకుండా. తెరవని సీసాల కోసం మట్టికుండ సాయపడుతుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత దించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఇన్సులిన్ అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి గాలి ఆడే నీడలో ఉంచాలి. ఉక్కపోత బాగా ఉన్న రోజుల్లో కుండ అంత చల్లబడదు, ఫ్రిజ్‌తో సమానం అనుకోవద్దు. ఐసు మీద నేరుగా మాత్రం పెట్టవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఆయాసం ఉన్న పిల్లలకు నెబ్యులైజరు మీదే ఆధారపడకండి. స్పేసరు తగిలించిన ఇన్హేలరుకు కరెంటు అక్కర్లేదు, డాక్టరు చేత రాయించుకుని వాడకం ముందే నేర్చుకోండి. రోజువారీ మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లకు డయాలసిస్ జరుగుతుంటే, తుపాను రోజుల్లో ఎక్కడికి రావాలో ఆ కేంద్రం వాళ్లను ముందే అడిగి పెట్టుకోవాలి. ఉద్దానంలో ఇది ఎన్నో ఇళ్ల సమస్య.

ఇప్పుడు ఇన్వర్టరు. పెద్దది కొనేస్తే ఇల్లు సిద్ధమైపోయినట్టే అనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఒకసారి లెక్క చూడండి. మామూలు 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1.8 యూనిట్లు. అంతా పిండుకోకూడదు, మధ్యలో కొంత వృథా అవుతుంది, చేతికొచ్చేది ఒక యూనిట్టుకు కాస్త పైన. 75 వాట్ల పాత ఫ్యాను ఒకటి, 9 వాట్ల బల్బులు రెండు వేస్తే సుమారు పన్నెండు గంటలు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటి, బల్బు ఒకటి అయితే ఒక రోజు పైన. ఎలా చూసినా నాలుగు రోజులకు అది చాలదు. కనుక డబ్బుంటే పెద్ద బ్యాటరీకంటే తక్కువ కరెంటు తినే ఫ్యాను మీద పెట్టడం మేలని నా ఉద్దేశం. అంతకంటే ముఖ్యం, కరెంటు పోయిన మొదటి గంటలోనే పొదుపు మొదలెట్టడం. పగలు ఇన్వర్టరు పూర్తిగా ఆపేయండి. రాత్రి పది నుంచి రెండు దాకా ఒకే గదిలో ఫ్యాను, అందరూ ఆ గదిలోనే పడక. టీవీకి దాని మీద హక్కు లేదని పిల్లలకు ముందే నచ్చజెప్పండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు నెలలకోసారి చూసుకోకపోతే, అసలు రోజున అది అరగంటకే చేతులెత్తేస్తుంది.

ఫోన్లకూ అదే సూత్రం. సెల్ టవర్లు కూడా బ్యాటరీల మీద, డీజిలు మీద కొంతసేపే నడుస్తాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఫోన్లు మూగబోయి, ఒకే నగరంలో ఉన్న అన్నదమ్ములకు కూడా ఒకరి క్షేమం ఒకరికి తెలియలేదు. ఇంట్లో ఒక ఫోను మాత్రం ఆన్‌లో ఉంచి, మిగతావి ఆపేయండి. మాట కలవనప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ పోవచ్చు. వేరే జిల్లాలో ఉన్న ఒక చుట్టాన్ని అందరికీ మధ్యవర్తిగా అనుకోండి, ఎవరు ఎక్కడున్నా ఆ మావయ్యకో పిన్నికో ఒక్క కబురు పంపితే చాలు. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. ఏడేళ్లు దాటిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ అమ్మ నంబరు, నాన్న నంబరు నోటికి రావాలి. ఎక్కం అప్పజెప్పినట్టు వారానికోసారి అప్పజెప్పించండి. కరెంటు ఫిర్యాదుకు 1912, ఆపదకు 112, అంబులెన్సుకు 108. ఇంకో మాట, నెట్టు లేకపోతే ఫోనులో డబ్బు కదలదు, ఏటీఎం తెరుచుకోదు. పదులు, యాభైలు, వందల నోట్లు కలిపి నాలుగు రోజుల ఖర్చుకు సరిపడా ఒక కవరులో ఉంచండి. చిల్లర లేకపోతే పాలప్యాకెట్టు దగ్గర కూడా ఇబ్బందే. సెల్లుతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంటే ఆకాశవాణి వార్తలు వినవచ్చు, పుకార్ల నుంచి ఇంటికి అదే కాపుదల.

కొన్ని విషయాలు మాత్రం మెత్తగా చెప్పలేను. కుంపటి గానీ, బొగ్గుల పొయ్యి గానీ, జనరేటరు గానీ తలుపులు మూసిన గదిలో, బాల్కనీలో, మెట్ల కింద పెట్టకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. జనరేటరు కరెంటును ప్లగ్గులోంచి ఇంటి వైరింగులోకి ఎక్కించడం ఇంకో ఘోరం. అది సర్వీసు వైరు గుండా వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మరులో పెద్ద వోల్టేజిగా మారి, మన కోసం వానలో స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. చేంజోవర్ స్విచ్ పెట్టించకుండా జనరేటరును ఇంటికి కలపవద్దు. కొవ్వొత్తి వెలిగించి పిల్లలను ఆ గదిలో ఒంటరిగా వదలొద్దు, దోమతెర దగ్గర అసలే వద్దు. టార్చి మీద నీళ్లు నింపిన తెల్లటి సీసా నిలబెడితే గదంతా పరుచుకునే వెలుతురు వస్తుంది. తెగిన తీగను చూస్తే ముట్టకూడదని మాత్రమే కాదు, కనీసం పది మీటర్లు దూరం ఉండాలని, నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లలో అడుగే పెట్టకూడదని పిల్లలకు చెప్పండి. ఊరంతా చీకటిగా ఉన్నా ఆ తీగలో ఎప్పుడు కరెంటు వస్తుందో ఎవరికీ తెలియదు. ఇంట్లోకి నీళ్లు వచ్చే సూచన కనిపిస్తే, రాకముందే పొడినేల మీద నిలబడి మెయిన్ కట్టేయండి. వచ్చాక స్విచ్‌బోర్డు జోలికి వెళ్లవద్దు.

మరి పిల్లల మనసు? మూడు నాలుగేళ్లవాళ్లకు చీకటికంటే రోజు తీరు మారిపోవడం కష్టంగా ఉంటుంది. కాబట్టి అన్నం వేళ, స్నానం వేళ, పడక వేళ వీలైనంత మార్చకండి. ఫ్యాను చప్పుడు లేకపోతే నిద్రపట్టని పిల్లలుంటారు, ఆటిజం ఉన్న పిల్లలకు ఆ లోటు మరీ భరించరానిది. వాళ్లకు అలవాటైన దుప్పటి, బొమ్మ, పాట ఏదో ముందే సిద్ధంగా ఉంచుకోండి, మెయిన్ కట్టేసే ఆ శనివారం వాళ్ల కోసమైనా చేసి చూడాలి. కొంచెం పెద్దపిల్లలకు నిజం చెప్పండి. 'రేపొస్తుందిలే' అని రోజూ అంటే మూడో రోజు మీ మాట నమ్మరు. 'స్తంభాలు పడిపోయాయి, నిలబెడుతున్నారు, నాలుగైదు రోజులు పట్టవచ్చు, మనకు నీళ్లున్నాయి, తిండుంది' అంటే చాలు. ప్రతివాళ్లకూ ఒక బాధ్యత ఇవ్వండి. ఒకరు టార్చిల పెద్ద, ఒకరు నీళ్ల లెక్క, ఒకరు పక్క వాటాలో ఒంటరిగా ఉండే మామ్మగారిని రోజూ రెండుసార్లు పలకరించే మనిషి. పని ఉన్న పిల్లకు భయపడే తీరిక తక్కువ.

పొద్దుపోకపోవడం గురించి నాకు బెంగ లేదు. అష్టాచెమ్మా గవ్వలు, వామనగుంటల పీట, పేకముక్కలు, అంత్యాక్షరి, అమ్మమ్మ నోటి కథ అన్నీ కరెంటు లేకుండా నడిచేవే. ఆటలకంటే నిద్ర ముఖ్యం. నూలు బట్టలు, తాటాకు విసనకర్రలు, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, గాలి నెమ్మదించాక డాబా మీద దోమతెర కట్టి పడుకోవడం ఉపయోగపడతాయి. ప్లగ్గుకు గుచ్చే దోమలమందు పనిచేయదు కాబట్టి తెరలు ముందే ఉతికి, చిరుగులు కుట్టి పెట్టుకోండి. మూసిన గదిలో దోమలచుట్ట వెలిగిస్తే ఆయాసం ఉన్న పిల్లలకు ఊపిరాడదు.

అపార్టుమెంట్లో ఉండేవాళ్లు సంఘం సమావేశంలో ఒక తీర్మానం ఇప్పుడే చేయించుకోండి. ఉన్న డీజిలుతో జనరేటరు ముందుగా నీళ్ల మోటారుకు రోజుకో గంట, తర్వాతే లిఫ్టుకు. కరెంటు లేని మూడో రోజున ఇలాంటి విషయం మీద మాట్లాడుకోవాలంటే గొడవే మిగులుతుంది. డీజిలు ఎంత, ఎక్కడ ఉంచాలి, వాచ్‌మన్ కుటుంబానికి నీళ్లు ఎలా అనేవి కూడా అప్పుడే తేల్చుకోండి.

కరెంటు వస్తుందనగా ఫ్రిజ్, ఏసీ, టీవీ, గీజరు, ఇస్త్రీపెట్టె స్విచ్‌లు కట్టేసి ఉంచి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి. అది నిలకడగా పది నిమిషాలు వెలిగితే ఒక్కొక్కటే వేసుకోవచ్చు. ఇల్లు తడిసి ఉంటే ఎలక్ట్రీషియను చూసి సరేనన్నాకే మెయిన్ వేయండి. ఫ్రిజ్‌లోవి వాసన చూసి తేల్చకండి, చెడిపోయిన తిండి కొన్నిసార్లు వాసన రాదు. పాలు, మాంసం, వండినవి పారేయడమే మంచిది. వాడేసిన సెల్లులు, మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తిరిగి తెచ్చే బాధ్యత నోటుపుస్తకం రాసిన పిల్లలకే అప్పగించండి.

ఆ తర్వాత కొన్నాళ్లు గాలి కాస్త గట్టిగా వీచినా, బల్బు ఒక్కసారి మినుకుమన్నా చిన్నపిల్లలు పరుగున వచ్చి కొంగు పట్టుకోవచ్చు. పక్క తడపవచ్చు, ఒంటరిగా పడుకోనని మారాం చేయవచ్చు. కసురుకోకండి, కొన్ని రాత్రులు పక్కనే పడుకోబెట్టుకోండి, ఏం జరిగిందో వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి, బొమ్మ గీస్తామంటే గీయనివ్వండి. చాలామంది రెండు మూడు వారాల్లో కుదుటపడతారు. నెల దాటినా నిద్ర, తిండి, బడి గాడిలో పడకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, లేదా టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఆ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.